నీటి మీద నిలబెట్టే మోటారు

గరాజులో బల్ల మీద పాత దుప్పటి పరిచి మోటారును దాని మీద పడుకోబెట్టాను. పైన చేతిపిడి ఉన్న తల, మధ్యలో పొడవాటి గొట్టం, కింద సొరకాయంత లోహపు బుడిపె, దాని కొసన రెండు రెక్కల ప్రొపెల్లర్. ఎవరో వాడి అమ్మేసినది. చవకగా వచ్చిందని కొన్నాను. రెండో వారానికే నీళ్లలో గరగరమని ఆగిపోయింది. ప్రొపెల్లర్ నట్టు విప్పి రెక్కలు పక్కకు లాగితే కారణం కనబడింది. ఇరుసు చుట్టూ, రెక్కల వెనకాల, చేపల గాలానికి కట్టే సన్నటి నైలాన్ దారం, కండెకు నూలు చుట్టినంత ఒద్దికగా చుట్టుకుని ఉంది. ఎన్నేళ్ల నాటిదో. ఇరుసు తిరిగినప్పుడల్లా ఆ దారం లోపలికి జరుగుతూ రబ్బరు సీలును కోసేసింది. ఆ కోత గుండా నీళ్లు దిగాయి. లోపల కార్బన్ బ్రష్షుల పొడి ఆ నీళ్లతో కలిసి కాటుకలా పేరుకుపోయింది.

అది పోయినందుకు బాధపడ్డాను గాని, విప్పినందుకు మాత్రం ఈ రోజుకీ సంతోషమే. బయటినుంచి చూస్తే బొమ్మ పంకాలా ఉండే ఈ వస్తువులో ఎంత ఆలోచన దాగుందో ఆ సాయంత్రమే తెలిసింది. కొత్తది కొనేటప్పుడు ఏం చూడాలో కూడా.

నేనుండేది మిన్నసోటాలో. పదెకరాలకు మించిన సరస్సులే ఇక్కడ 11,842 ఉన్నాయని రాష్ట్రం లెక్క. మే నెలలో వాల్‌ఐ అనే చేపల వేటకాలం మొదలైందంటే ప్రతి రెండో కారు వెనకా ఒక పడవ కనబడుతుంది. చాలా పడవలకు మోటార్లు రెండు. వెనక ఉండే పెట్రోలు మోటారు చేపలున్న చోటికి తీసుకెళ్లడానికి. అక్కడికి చేరాక దాన్ని ఆపేసి, చప్పుడు లేకుండా ఈ చిన్న ఎలక్ట్రిక్ మోటారును నీళ్లలోకి దించుతారు. దాన్నే ట్రోలింగ్ మోటారు అంటారు. ఎరను నీళ్లలో నెమ్మదిగా ఈడ్చుకుంటూ పోవడం ట్రోలింగ్. పేరు అక్కడినుంచి వచ్చింది గాని, ఈ రోజుల్లో దాని అసలు పని ఈడ్చడం కన్నా నిలబెట్టడం. గాలి ఒకవైపు, అల ఒకవైపు నెడుతుంటే పడవను రాతిగుట్ట పక్కన, నాచు అంచున, అనుకున్న చోటే ఉంచడం.

గోదావరి పాయల్లో దోనె మీద వల విసిరేవాళ్లను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వల విసిరేవాడు ఒకడు. ముందు అణియంలోనో వెనక అమరంలోనో గెడ పట్టుకుని నిలబడేవాడు ఇంకొకడు. చూసేవాళ్ల కళ్లన్నీ వల మీదే ఉంటాయి గాని, గెడ పట్టినవాడు దోనెను జానెడు జారనిచ్చినా వల పడాల్సిన చోట పడదు. అతను తొందరపడడు, నీళ్లు చిమ్మడు, గెడను దబ్బున దించడు. ట్రోలింగ్ మోటారు చేసేది ఆ రెండో మనిషి పని. కాబట్టి దాన్ని ఎంచుకోవలసింది కూడా ఆ మనిషిని ఎంచుకున్నట్టే: ఎంత వేగంగా పోతుందని కాదు, ఎంత నిబ్బరంగా నిలబడుతుందని.

దీని పుట్టుక కూడా ఈ ప్రాంతంలోనే. 1934లో నార్త్ డకోటాలోని ఫార్గోలో ఓ.జి. ష్మిట్ అనే ఆయన ఫోర్డ్ మోడల్ ఎ కారు స్టార్టర్ మోటారు తీసుకుని, దానికి వంగే ఇరుసు, ప్రొపెల్లర్ తగిలించి పడవకు కట్టాడు. ఫార్గోకు తూర్పున రెడ్ నది దాటితే మిన్నసోటా. రెండు రాష్ట్రాల పేర్లలో ముక్కలు కలిపి కంపెనీకి మిన్ కోటా అని పేరు పెట్టాడు. పడవను కరెంటుతో నడపడం అప్పటికే కొత్త కాదు. ప్యారిస్‌లో గుస్తావ్ త్రూవే 1881లోనే సీన్ నది మీద నడిపి చూపించాడు. ష్మిట్ గొప్పదనం ఆ బలాన్ని ప్రయాణానికి కాకుండా చేపలవేట నెమ్మదికి వాడుకోవడంలో ఉంది. కారును ఒక్క ఉదుటున లేపడానికి పుట్టిన మోటారుకు ఆయన ఓపిక నేర్పాడు.

ఓపిక అన్నది ఊరికే అన్న మాట కాదు. 55 పౌండ్ల తోపు ఇచ్చే మోటారును పూర్తి జోరులో తిప్పితే 12 వోల్టుల దగ్గర సుమారు 50 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే 600 వాట్లు. మన వంటింట్లో పప్పు రుబ్బే మిక్సీ 750 వాట్లది. మిక్సీకన్నా తక్కువ వాట్లతో ఏడు వందల కిలోల పడవను గాలికి ఎదురుగా పట్టుకుంటుందంటే మొదట నమ్మబుద్ధి కాలేదు. కిటుకంతా ప్రొపెల్లర్‌లో ఉంది. కొద్ది నీటిని వేగంగా వెనక్కి చిమ్మినా, ఎక్కువ నీటిని నెమ్మదిగా నెట్టినా పడవకు అందే తోపు ఒకటే కావచ్చు. కానీ మొదటిదానికి ఖర్చయ్యే శక్తి చాలా ఎక్కువ. అంతే నీటిని రెట్టింపు వేగంతో చిమ్మితే తోపు రెట్టింపే అవుతుంది, శక్తి నాలుగింతలు పోతుంది. అందుకే ఇక్కడ రెక్కలు వెడల్పుగా ఉంటాయి, నిదానంగా తిరుగుతాయి. తెడ్డు ఆకు వెడల్పుగా ఉండేదీ ఇందుకే. రెక్కల ముందంచు కొడవలిలా వెనక్కి వంగి ఉంటుంది. నాచు తగిలితే కోయదు, పక్కకు తోసేస్తుంది. నాచును కోయబోతే అది ఇరుసుకు చుట్టుకుంటుందని తెలిసినవాడు మలిచిన వంపు అది. రెక్క మీద వేలు పెట్టి మొదలునుంచి కొస దాకా నిమిరి చూడండి. మొదట్లో నిటారుగా ఉన్న మెలిక కొసకు వెళ్లేకొద్దీ వాలిపోతుంది. కొస ఎక్కువ దూరం తిరుగుతుంది కాబట్టి ప్రతి అంగుళానికీ నీటిని కోసే కోణం వేరుగా ఉండాలి.

మోటారుకు, ప్రొపెల్లర్‌కు మధ్య గేర్లు లేవు. ఆర్మేచర్ ఇరుసు కొసనే రెక్కలు. పళ్ల చక్రాలు లేకపోతే వాటి చప్పుడూ ఉండదు, నూనె పోయడమూ ఉండదు. పైగా మోటారంతా నీళ్లలోనే మునిగి ఉంటుంది. వేడెక్కితే చల్లార్చడానికి వేరే ఏర్పాటు అక్కర్లేదు, సరస్సు చూసుకుంటుంది. లోహపు తొడుగుకు లోపల అతికించిన వంపు అయస్కాంతాలు, మధ్యలో రాగితీగ చుట్టిన ఆర్మేచర్, కమ్యూటేటర్‌ను తాకే రెండు బ్రష్షులు, రెండు కొసల మూతలు, వాటిని ఒకటిగా బిగించే రెండు పొడవాటి బోల్టులు, బోల్టుల మెడలకు చిన్న రబ్బరు రింగులు. అంతే. ఇంత తక్కువ సామానుతో ఇంత పని చేయించడం నాకు చాలా ఇష్టమైన రకం పనితనం.

ఇక కొనడం. పడవలో నాతో సగం వాటా ఉన్న మిత్రుడిది నెల్లూరు. నాకన్నా పదేళ్లు చిన్న. కొట్లోకి అడుగుపెట్టీ పెట్టగానే అన్నాడు: "అన్నా, 80 పౌండ్లది తీసేసుకుందాం. ఎక్కువైతే తగ్గించి వాడుకుంటాం గదా."

ఆ మాటలో తర్కం ఉంది. కానీ పౌండ్లు అన్నవి వేగం కాదు, తోపు. 55 పౌండ్లంటే పాతిక కిలోల బియ్యం బస్తాను ఎత్తి పట్టుకోవడానికి కావలసినంత బలం. 80 పౌండ్ల మోటారు పెట్టినంత మాత్రాన పడవ ఒకటిన్నర రెట్లు వేగంగా పోదు. రెక్కల మెలికా, తిరుగుడూ వేగానికి ఒక హద్దు గీసేస్తాయి. ఏ ట్రోలింగ్ మోటారైనా గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు దాటించడం కష్టం. తోపు ఎక్కువైతే దక్కేది గాలికి లొంగకపోవడం. ఇక్కడి జాలర్లు చెప్పుకునే లెక్క ఒకటుంది: మనుషులు, సామాన్లు, పెట్రోలు అన్నీ కలిపి పడవ బరువులో ప్రతి వంద పౌండ్లకు కనీసం రెండు పౌండ్ల తోపు. మాది పదహారడుగుల అల్యూమినియం పడవ. అన్నీ కలిపి ఏడు వందల కిలోలు, అంటే పదిహేను వందల పౌండ్ల పైచిలుకు. లెక్క ప్రకారం 31 పౌండ్లు చాలు. అది గాలి లేని రోజు లెక్క. సరస్సు మీద గాలి లేని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి 55 న్యాయం. 80 పౌండ్లదానికి 24 వోల్టులు కావాలి, అంటే రెండు బ్యాటరీలు. సీసం బ్యాటరీ ఒక్కొక్కటి ముప్పై కిలోలు. బలం పెంచుతామని సగం మనిషి బరువు అదనంగా ఎక్కించుకున్నట్టు. పద్దెనిమిది, ఇరవై అడుగుల భారీ పడవ అయితే మావాడి మాటే సరైనది. అక్కడ 24, 36 వోల్టులు తప్పవు. వోల్టులు రెట్టింపైతే అదే శక్తికి ఆంపియర్లు సగమవుతాయి, తీగలు తక్కువ వేడెక్కుతాయి. మా చిన్న పడవకు మాత్రం కాదు.

బ్యాటరీ గురించి ఒక్క మాట. కారు బ్యాటరీ దీనికి పనికిరాదు. అందులో పల్చటి సీసం పలకలు ఎక్కువగా పేర్చి ఉంటాయి. రెండు క్షణాలు పెద్ద కరెంటు ఇచ్చి ఊరుకోవడం దాని పని. గంటల తరబడి కొద్దికొద్దిగా ఇచ్చి మళ్లీ నింపుకోవాలంటే పలకలు మందంగా ఉండాలి. కరెంటు కోతల కాలంలో మన ఇళ్లలో ఇన్వర్టరు పక్కన పెట్టుకున్న బ్యాటరీల జాతే ఇదీ. వంద ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరిగిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సగం కన్నా తక్కువ బరువు తూగుతుంది, దాదాపు అడుగంటా వాడుకోనిస్తుంది. డబ్బు మాత్రం ముందే అడుగుతుంది.

ఆ బ్యాటరీ రోజంతా వస్తుందా, మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుందా అన్నది వేగాన్ని ఎలా తగ్గిస్తున్నారన్న దానిమీద ఉంది. నా దృష్టిలో ఈ మోటార్ల మంచీ చెడ్డా తేలేది ఇక్కడే. ఐదు మెట్ల పిడి ఉన్న చవక మోటార్లలో కరెంటును అడ్డగించే తీగచుట్లు ఉంటాయి. ఒకటో మెట్టులో పెడితే మోటారుకు అక్కర్లేని శక్తి ఆ చుట్లలో వేడిగా పోతుంది. కుళాయి పూర్తిగా విప్పి, బిందెకు చాలినంత పట్టి మిగతాది కాలవలోకి వదిలినట్టు. రెండో రకంలో ఎలక్ట్రానిక్ పలక ఒకటి కరెంటును సెకనుకు వేలసార్లు తెరిచి మూస్తుంది. తెరిచి ఉంచే సమయాన్ని బట్టి జోరు. వృథా అనేది దాదాపు లేదు. ఇలాంటి నెమ్మది పడవకు వేగం సగానికి తగ్గితే కావలసిన శక్తి సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నీరు ఇంత ఉదారంగా ఇచ్చే ఆ తగ్గింపును బ్యాటరీ దాకా చేర్చేది ఈ రెండో రకమే. మిన్ కోటా దీనికి డిజిటల్ మాక్సిమైజర్ అని పేరు పెట్టుకుని, ఒక్క చార్జింగుకు ఐదు రెట్ల దాకా ఎక్కువసేపు వస్తుందని చెప్పుకుంటుంది. ఆ ఐదు రెట్లు నెమ్మదిగా నడిపినప్పటి మాట. పూర్తి జోరులో రెండూ ఒకటే. కానీ ఈ మోటారు పూర్తి జోరులో తిరిగేది ఎంతసేపు గనక? పాతిక నిమిషాలు కూడా కాదు. డబ్బు చాలకపోతే పౌండ్లు తగ్గించుకోండి గాని ఈ పలకను వదులుకోకండి.

తలనూ బుడిపెనూ కలిపే గొట్టం, అదే షాఫ్టు, దాని సంగతికొస్తే నాకు మాటలు ఆగవు. ఒకప్పుడు ఇది ఉక్కు గొట్టమే. నీటి కింద మొద్దుకో రాయికో తగిలితే వంగిపోయేది, వంగింది వంగినట్టే ఉండేది. ఇప్పుడు మంచి మోటార్లకు గాజు పీచును జిగురుతో కలిపి పోతపోసిన గొట్టం వేస్తున్నారు. కొట్లో ఒకదాన్ని పట్టుకుని ఒంటి బలమంతా పెట్టి వంచాను. విల్లులా వంగి, వదలగానే చెక్కు చెదరకుండా నిటారుగా నిలిచింది. చేతికి వెంటనే గుర్తొచ్చింది వెదురు గెడ. బురదలో దిగబడిన గెడ మీద మనిషి బరువంతా వాలినప్పుడు అది వంగి, పడవ కదిలాక మళ్లీ నిటారవుతుంది. పీచులన్నీ పొడవు వెంబడి పరుచుకుని ఉండడమే రెండింటి రహస్యం. వెదురు ఈ సంగతిని మనకన్నా ముందే కనిపెట్టింది. ఈ గొట్టానికి మిన్ కోటా జీవితకాలపు హామీ ఇస్తుంది. ఆ హామీ ఇచ్చే ధైర్యం ఎక్కడిదో చేత్తో వంచి చూస్తే తెలుస్తుంది.

పొడవు విషయంలో పొరబడేవాళ్లు చాలామంది. బుడిపె నీటి మట్టానికి కనీసం తొమ్మిది పది అంగుళాలు కింద ఉండాలి. పైకొస్తే రెక్కలు గాలిని మింగి ఊరికే గిరగిరా తిరుగుతాయి, బుడగల చప్పుడుకు చేపలు చెదిరిపోతాయి. అల మీద అణియం అడుగు ఎత్తు లేచి పడుతుందని గుర్తుంచుకుని, మోటారు బిగించే చోటునుంచి నీటి దాకా కొలిచి, దానికి ఈ మునకా ఆ ఎగురుడూ కలుపుకోవాలి. మా పడవకు 54 అంగుళాలు వచ్చింది. పొడవు ఎక్కువైతే పైకి జరుపుకోవచ్చు, తక్కువైతే చేసేదేమీ లేదు.

ఎక్కడ బిగించాలి? అమరంలో బిగించే మోటారు చవక, తేలిక, ఎవరికివాళ్లే తగిలించుకోవచ్చు. కానీ వెనకనుంచి తోసే పడవ ముక్కు గాలికి అటూ ఇటూ తిరిగిపోతుంది. అణియంలో పెడితే లాగుతుంది. ఎద్దులు ముందుండి లాగే బండి దారిన వస్తుంది. అదే బండిని వెనకనుంచి తోసి చూడండి, కాడి ఎటు పోతుందో. పడవ కూడా అంతే. ముందునుంచి లాగితే ఒళ్లంతా ముక్కు వెనకే బుద్ధిగా సర్దుకుంటుంది.

అణియంలో ఉన్నదాన్ని తిప్పడమెలా అంటే, 1951లో మిసిసిపీలోని జాక్సన్‌లో జి.హెచ్. హారిస్ కాలితో తిప్పే మోటారు చేశాడు. మడమ నొక్కితే ఒకవైపు, మునివేళ్లు నొక్కితే ఇంకోవైపు. చేతులు రెండూ గాలానికి మిగిలాయి. గుంట మగ్గం మీద కూర్చున్న నేతగాడి పాదాలు పలకలు తొక్కుతుంటే చేతులు నాడె విసరడం చూసినవాళ్లకు ఈ విద్య కొత్తగా అనిపించదు. ఇనుప తీగతో కాలికీ మోటారుకూ నేరుగా ముడిపడిన ఆ పెడల్‌ను ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాదం ఎంత కదిలితే మోటారు అంతే కదులుతుంది, మధ్యలో ఆలస్యం లేదు.

తరవాతి పెద్ద అడుగు 2010లో పడింది. మిన్ కోటా తన ఐ-పైలట్‌లో ఉపగ్రహాల సాయంతో పడవను ఉన్నచోటే ఉంచే పద్ధతి తెచ్చింది. మీట నొక్కితే ఆ చోటును గుర్తుపెట్టుకుంటుంది. గాలి పడవను నెట్టగానే తల ఎటు తిప్పాలో, ఎంత లాగాలో లెక్కవేసి కొద్ది అడుగుల్లోకి తెచ్చేస్తుంది. లంగరు వేయక్కర్లేదు, బురద లేవదు, తాడు లాగి చేతులు బొబ్బలెక్కవు. దీనికోసమే మేం మిన్ కోటా వాళ్ల 55 పౌండ్ల టెరోవా మోటారు తీసుకున్నాం. పాదంతో మీట తొక్కి కాస్త ముందుకు నెడితే తనంతట తానే నీళ్లలోకి జారుతుంది, పైకి తీసేటప్పుడు లోపలి స్ప్రింగు సగం బరువు మోస్తుంది. గాలి ఎక్కువైన మధ్యాహ్నాల్లో అణియంలో కూర్చుని దాన్ని గమనించడం నాకు అలవాటైంది. గాలి విసురొచ్చినప్పుడు రెక్కల గుయ్యిమనే స్వరం పెరుగుతుంది, తల రెండు వేళ్ల మేర తిరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది. గెడ మీద చేతులు బిగించి వదిలినట్టే.

చప్పుడు గురించి కూడా చెప్పాలి. చేప ఒంటి పక్కన పొడవునా పార్శ్వరేఖ అనే గీత ఒకటి ఉంటుంది. నీటిలో చిన్న కదలికను కూడా దాంతో పసిగడుతుంది. దానికి నచ్చనిది ఎడతెగని మోత కన్నా ఒక్కసారిగా వచ్చే మార్పు. అందుకే తెలిసినవాళ్లు మోటారును ఆపుతూ వేస్తూ ఉండరు, తక్కువ జోరులో ఒకే తీరున తిరగనిస్తారు. బ్రష్షులే లేని మోటార్లు ఇప్పుడు వస్తున్నాయి. గార్మిన్ కంపెనీ 2019లో తెచ్చిన ఫోర్స్ మోటారు ఆ రకమే. ఒకసారి దాని పక్కన కూర్చున్నాను. తిరుగుతోందని తెలియడానికి నీటి వైపు చూడవలసివచ్చింది. అరిగేది లేదు, కార్బన్ పొడి లేదు, అదే బ్యాటరీ ఇంకా ఎక్కువసేపు వస్తుంది. ధర మా పడవకు మించినది కాబట్టి మెచ్చుకుని ఊరుకున్నాం.

మన పులికాట్ సరస్సు లాంటి ఉప్పునీటి చోట్లకు మంచినీటి మోటారు తీసుకెళ్తే ఎక్కువ కాలం మిగలదు. ఉప్పునీటికి చేసినవాటికి మందమైన పూత, తుప్పు పట్టని లోహాలు ఉంటాయి. ప్రొపెల్లర్ దగ్గర ఒక జింకు ముక్క కూడా బిగిస్తారు. ఉప్పు ముందు ఆ జింకును తింటుంది, అది అయిపోయేదాకా మోటారు జోలికి రాదు. ఏటా మార్చుకోవడానికే ఉన్న ముక్క అది. ప్రొపెల్లర్‌ను ఇరుసుకు పట్టి ఉంచే చిన్న ఉక్కు పిన్నుదీ ఇలాంటి కథే. రెక్క మొద్దుకు కొట్టుకుంటే ముందుగా వంగేదీ విరిగేదీ ఆ పిన్నే. ఆర్మేచర్ ఇరుసు బతుకుతుంది. తాను పోయి పక్కవాణ్ణి కాపాడడానికే చేసిన భాగాలివి. రెండు పిన్నులు, ఒక నట్టు, ఒక పానా ఎప్పుడూ గాలాల పెట్టెలో ఉండాలి.

మొన్న ఆదివారం ఒడ్డుకొచ్చాక మావాడు చేపలు కడుగుతుంటే నేను మోటారును పైకి తీసి నట్టు విప్పాను. పానా రెండు తిప్పులకు వదులైంది. రెక్కలు లాగి, ఇరుసు మొదట్లో సీలు చుట్టూ వేలు పెట్టి తిప్పి చూశాను. నాలుగంగుళాల నైలాన్ దారం, తల వెంట్రుకంత సన్నం, ఒక్క చుట్టు చుట్టుకుని ఉంది. గోటితో లాగి జేబులో వేసుకున్నాను. సీలు పెదవి నల్లగా, నున్నగా, గీత లేకుండా ఉంది. పిన్నును దాని గాడిలో సరిచేసి, రెక్కలు ఎక్కించి, నట్టు బిగించాను.